వాడి మొదటి మాట ‘వద్దు’

పొద్దున్న నాలుగూ ముప్పావుకి నా మణికట్టు మీద చల్లటి వేళ్ళు పడతాయి. కళ్ళు తెరవక్కర్లేదు, వాడేనని తెలుసు. పిలుపు ఉండదు, తట్టి లేపడం ఉండదు. చెయ్యి పట్టుకుని లాగుతాడు, నేను చీకట్లో వెనకాలే నడుస్తాను. ఫ్రిజ్ దగ్గర ఆగి నా అరచేతిని తలుపు మీద ఆనిస్తాడు. తియ్యమని. వాడికి చేతకాక కాదు. తొమ్మిదేళ్ళవాడు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌ని గుమ్మం నుంచి వంటింటి దాకా ఈడ్చుకొచ్చేంత బలం ఉంది. అయినా తెల్లవారుజామున ఆ తలుపు మాత్రం నా చేత్తోనే తెరుచుకోవాలి.

లోపల పెరుగు గిన్నె ఉంటుంది. మీగడ తీసేయాలి. అన్నం ఒక అరలో, పెరుగు ఒక అరలో పెట్టాలి, కలపకూడదు. మూడో అర ఖాళీగా ఉండాలి. పళ్ళెం ఆ పాత స్టీలుదే అయ్యుండాలి. ఒకసారి మా ఊరు తెనాలి వెళ్తూ ఆ పళ్ళెం మర్చిపోయాం. ఆ రెండ్రోజులూ మా వాడు మంచినీళ్ళు, బిస్కెట్లతోనే గడిపాడు. ఊళ్ళో చుట్టాలంతా “పెంకితనం, నాలుగు తగిలిస్తే తింటాడు” అన్నారు. పెంకితనానికీ దీనికీ తేడా ఏమిటంటే, పెంకి పిల్లవాడు ఆకలేస్తే చివరికి తింటాడు. వీడికి ఆకలేసినా ఆ కంచంలోది అన్నంలా కనపడదు.

మా అబ్బాయికి ఆటిజం. మాటలు లేవు. చెవులు బాగానే ఉన్నాయి, పక్క గదిలో చిప్స్ ప్యాకెట్ చింపినా వినపడుతుంది. గొంతు కూడా ఉంది, సంతోషం వస్తే ‘ఈ...’ అని సన్నగా సాగదీస్తాడు. పక్క ఫ్లాటు పిన్నిగారు ఆ చప్పుడు విని “ఇవాళ బాబు హుషారుగా ఉన్నాడే” అంటారు. మాట మాత్రం లేదు. అమ్మ అనలేదు.

ఆ మణికట్టు పట్టుకోవడాన్ని మేం చాలాకాలం ముద్దుచేశాం. ఏడాదిన్నరప్పుడు బిస్కెట్ డబ్బా కావాలంటే ఎవరి చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకెళ్ళి డబ్బా మీద పెట్టేవాడు. “చూశావా, నోరు విప్పకుండానే పని చేయించుకుంటున్నాడు” అని మా అత్తయ్య మురిసిపోయేది. తర్వాత డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్నే అది: “కావాల్సినదాన్ని వేలు పెట్టి చూపిస్తాడా, మీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడా?” చందమామని వేలితో చూపించే పిల్లకి చందమామ కావాలని కాదు, అమ్మ కూడా చూడాలని. సాధారణంగా ఏడాది దాటేసరికి పిల్లలకి ఆ వేలు వచ్చేస్తుంది. మా వాడికి రాలేదు. మాట కన్నా ముందు రావాల్సింది అదేనని మాకెవరికీ తెలియదు.

వస కొమ్ము, చిలక కొట్టిన జామకాయ

మాటలు ఆలస్యమైతే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ముందు మేనమామ వస్తాడు కథలోకి. “వాళ్ళ మామయ్యకీ ఐదేళ్ళకి గానీ రాలేదు, ఇప్పుడు ఎల్‌ఐసీ ఏజెంటు, నోరు మూయించలేం.” తర్వాత వస కొమ్ము వస్తుంది. పురిట్లో సరిగ్గా పొయ్యలేదేమోనని అత్తయ్యకి అనుమానం, మళ్ళీ సాన మీద అరగదీసి నాలిక్కి రాసింది. చిలక కొట్టిన జామకాయ తినిపిస్తే మాటలొస్తాయని ఎవరో అన్నారు. మా మామగారు కాలవగట్టు తోటలో వెతికి వెతికి కొరికిన కాయ ఒకటి తెచ్చారు. అది కొరికింది చిలకో ఉడతో ఆ దేవుడికే తెలియాలి. తాయెత్తు కట్టించాం, దిష్టి తీశాం. నాలుక కింద తీగ ఉందేమో చూపించమన్నారు, చూపించాం. లేదు.

వీటిలో వేటినీ వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మనవడి మీద ప్రేమ ఉన్న మనుషులు తమకి తెలిసిన దారులన్నీ తిరిగారు. నాకు బాధ ఒక్కటే, ఆ తిరుగుడులో పద్దెనిమిది నెలలు పోయాయి. మొదటి అనుమానం ఏడాదిన్నరకి, పరీక్షకి వెళ్ళింది మూడేళ్ళకి. చిన్న బొమ్మ చక్రాన్ని గంటసేపు తిప్పుకుంటూ కూర్చుంటే ‘ఇంజినీరవుతాడు’ అనుకున్నాం. పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోతే ‘ధ్యాసలో ఉన్నాడు’ అనుకున్నాం. అప్పటికే ‘తాత’, ‘బౌ’ అని వచ్చిన రెండు ముక్కలు కూడా మాయమైపోతే మాత్రం ఏమనుకోవాలో తెలియలేదు. వచ్చిన మాట వెనక్కి పోవడం కూడా ఆటిజం చెప్పే గుర్తుల్లో ఒకటని తర్వాత తెలిసింది.

1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజాన్ని విడిగా ఒక స్థితిగా వైద్యలోకం గుర్తించడం దానితోనే మొదలైందంటారు. ఆ 11 మందిలో 8 మందికి మాటలొచ్చాయి, ముగ్గురికి రాలేదు. మా వాడు ఆ ముగ్గురి బాపతు. ఈ రోజుకీ ఆటిజం ఉన్న పిల్లల్లో పావువంతు నుంచి మూడోవంతు దాకా బడి వయసుకొచ్చినా మాట రాకుండానో, ఒకటి రెండు ముక్కల దగ్గరే ఆగిపోయో ఉంటారని నిపుణుల లెక్క.

కమ్... సిట్... ఈట్

చికిత్స కోసం తెనాలి వదిలి హైదరాబాద్ వచ్చేశాం. మా ఆయన ఉద్యోగం మార్చుకున్నారు, నేను మానేశాను. మల్కాజిగిరిలో రెండు గదుల ఇల్లు. థెరపీ సెంటర్ మెట్ల మీద కూర్చుంటే అక్కడి తల్లుల్లో సగంమంది జిల్లాల నుంచి ఇలా మకాం మార్చినవాళ్ళే. ఖమ్మం, కర్నూలు, భీమవరం, ఆదిలాబాద్. భర్త ఊళ్ళో, భార్యా బిడ్డా ఇక్కడ. ‘స్పీచ్‌కి ఎక్కడికెళ్తున్నారు, ఓటీ ఎక్కడ’ అన్నదే మా పలకరింపు. ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ కాదు, ఆక్యుపేషనల్ థెరపీ. మొదట్లో నేనూ హడలిపోయాను.

మొదటి సెంటర్లో మాకిచ్చిన మొదటి సలహా: ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, రేపు స్కూల్లో పనికొస్తుంది, ఇంగ్లీషైతే మంచిది. కాదనడానికి మేమెవరం? ఆ రోజు నుంచి మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. “కమ్”, “సిట్”, “ఈట్”, “నో షౌటింగ్”. నాకు వచ్చిన ఇంగ్లీష్ అంతే, ఆజ్ఞలే. జోలపాట పాడటం మానేశాను, అది తెలుగులో ఉంది కనక. ఇక మా అత్తయ్య. బడి మొహం చూడని మనిషి. మనవడితో ఏ మాట అనబోయినా నేను కళ్ళతో వారిస్తుంటే, ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. ఇంట్లో మాటలు రానిది ఒక్కరికే, మాటలు మానేసింది మాత్రం అందరం. ఏడాదిన్నర అలాగే నడిచింది.

అది అక్కర్లేని పని. రెండు భాషలు వినిపించే ఇళ్ళలో పెరిగిన ఆటిజం పిల్లలు, ఒకే భాష వినే ఆటిజం పిల్లల కన్నా వెనకబడటం లేదని పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. తర్వాత కలిసిన స్పీచ్ థెరపిస్టు తలపట్టుకుంది. “అమ్మా, మీరు వాడితో ఏ భాషలో నవ్వుతారు? ఏ భాషలో కోప్పడతారు? ఆ భాషలో మాట్లాడండి” అంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అత్తయ్యతో ఆ ముక్క చెబితే, ఆవిడ మనవణ్ని ఒళ్ళోకి లాక్కుని ఏకధాటిగా ముప్పావుగంట మాట్లాడింది. పాడి గేదె గురించి, పక్కింటి పెళ్ళి గురించి. వాడు ఆవిడ చెవి తమ్మె పట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు.

చేతి మీద కాయ

మూడున్నరేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా మా సెషన్లన్నీ ‘మాట రప్పించడం’ చుట్టూ తిరిగాయి. దవడలు రుద్దడం, ఈల ఊదించడం, అద్దం ముందు ‘ఆ, ఊ’. ఆయన రోజూ రాత్రి అడిగేవారు, “ఇవాళేమైనా అన్నాడా?” బొమ్మల కార్డులతో, టాబ్లెట్‌తో మాట్లాడించే పద్ధతులుంటాయని అప్పుడే విన్నాం. కానీ భయం. బొమ్మలకి అలవాటు పడితే ఇక నోరు తెరవడేమో. ఈ భయం మా ఒక్కరిదే కాదు, మెట్ల మీద కూర్చున్న ప్రతి తల్లిదీ.

ఆ భయానికి ఆధారం లేదు. ఈ పద్ధతుల మీద వచ్చిన పరిశోధనల్ని కలిపి చూసినవాళ్ళకి, కార్డుల వల్ల మాట తగ్గిన దాఖలా కనపడలేదు. కొందరిలో కాస్త పెరిగింది కూడా. మేం చేసిన పెద్ద పొరపాటు ఇదేనని ఇవాళ ఎవరడిగినా చెబుతాను: మాట కోసం ఎదురుచూస్తూ వాడికి భాష ఇవ్వడం ఆలస్యం చేశాం. రెండూ ఒకటే అనుకున్నాం.

పెక్స్ అని ఒక పద్ధతి ఉంది. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో యాండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ తయారు చేశారు. మొదటి పాఠానికి ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. నేను పెరుగు గిన్నె పట్టుకుని వాడి ఎదురుగా కూర్చున్నాను. ఆయన వాడి వెనక. మధ్యలో నేల మీద పెరుగు బొమ్మ కార్డు. వాడు గిన్నె కోసం చెయ్యి చాచగానే ఆయన వెనక నుంచి ఆ చేతిని కార్డు మీదికి మళ్ళించి, తీయించి, నా అరచేతిలో పెట్టించాలి. ఆయన నోరు మెదపకూడదు. కార్డు చేతిలో పడీపడగానే నేను “పెరుగు!” అని గిన్నె ఇచ్చేయాలి. రెండో చెంచాకి మళ్ళీ. మూడో చెంచాకి మళ్ళీ. మొదటిరోజు పాతిక చెంచాలు. నాలుగోరోజు ఆయన చేతులు వెనక్కి తీసేశారు. వాడు కార్డు తీశాడు, నా వైపు చూశాడు, నా చేతిలో పెట్టాడు. మణికట్టు పట్టుకోలేదు. నా మొహం వైపు చూసి ఇచ్చాడు. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు, కాసేపు రాలేదు.

‘వద్దు’ కార్డు రెండు నెలల తర్వాత వచ్చింది. ఎర్ర అట్ట మీద అడ్డంగా చాపిన చెయ్యి బొమ్మ. థెరపిస్టు ఒక్కటే షరతు పెట్టింది: కొన్ని వారాల పాటు వాడు వద్దన్నది ఏదైనా సరే వెంటనే ఆపేయాలి, అప్పుడే ఆ కార్డుకి విలువ ఉందని నమ్ముతాడు. మొట్టమొదట దాన్ని తీసుకెళ్ళి ఉప్మా పళ్ళెంలో పెట్టాడు. సబబే. మర్నాడు తీసుకెళ్ళి స్నానాల గదిలో బకెట్‌లో వేశాడు. షరతు షరతే కదా, మూడ్రోజులు స్నానం లేదు. మే నెల. ఇంకెవరి ఇంట్లోనైనా పిల్లవాడి మొదటి మాటకి పాయసం వండుతారు, మేం కిటికీలు తెరిచి పెట్టుకున్నాం.

అప్పటిదాకా వాడికి కోపమొస్తే కుడిచేతి బొటనవేలి మొదట్లో కొరుక్కునేవాడు. రక్తం వచ్చేదాకా. ఏళ్ళ తరబడి కొరికి కొరికి అక్కడ చర్మం మొద్దుబారి, నాగలి పట్టేవాడి చేతికి కాచినట్టు కాయ కాచింది. వద్దు అనడం వచ్చిన ఏడాదికి ఆ కాయ మెత్తబడింది. ఇప్పుడు వేలితో తడిమితే గరుగ్గా చిన్న మచ్చ తగులుతుంది, అంతే.

ఇంకో సంగతి. ఈ కార్డులు ఇంట్లో అందరికన్నా ముందు ఒంటపట్టింది మా అత్తయ్యకి. ఆవిడకి చదువు రాదు, బొమ్మలు చాలు. చెన్నైలో అజిత్ నారాయణన్ బృందం తయారు చేసిన ‘ఆవాజ్’ లాంటి యాప్‌లు వచ్చాక మేం కూడా టాబ్లెట్‌కి మారాం. బొమ్మ నొక్కితే మాట పలుకుతుంది. పెరుగన్నం బొమ్మకి అత్తయ్య గొంతే రికార్డు చేశాం. తెనాలి యాసలో, “పెరుగన్నం పెట్టవే!” అని. ఆవిడ ఊరెళ్ళిన రోజుల్లో వాడు ఆకలి లేకపోయినా ఆ బొమ్మ నొక్కుతూ కూర్చుంటాడు.

మూడు రాత్రులు

కార్డులు వచ్చినా వాటిలో ‘నొప్పి’ లేదు. పెట్టాలని మాకు తట్టలేదు.

వాడికి ఆరేళ్ళప్పుడు ఒక రాత్రి పదకొండింటికి ఏడుపు మొదలెట్టాడు. ఎడమ చెంప మీద అరచేత్తో కొట్టుకుంటున్నాడు. ఫ్యాన్ చప్పుడేమోనని ఆపాం. లైటు మార్చాం. ఆయన స్కూటర్ మీద తిప్పుకొచ్చారు. నాలుగింటికి సొమ్మసిల్లి పడుకున్నాడు. రెండో రాత్రి మళ్ళీ అంతే. కింద ఫ్లాటువాళ్ళు ఫోన్ చేశారు. సెన్సరీ సమస్య పెరిగిందేమో, మందు డోసు మార్చాలేమో అనుకున్నాం. మూడో రాత్రి నేను వాడి మీద అరిచాను. చెంప మీద కొట్టుకుంటున్న చేతిని గట్టిగా పట్టుకుని, “ఎందుకురా నన్నిలా చంపుతావ్” అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే.

తెల్లారి పెరుగు తింటూ కుడివైపు మాత్రమే నములుతున్నాడని అత్తయ్య కనిపెట్టింది. పంటి డాక్టరు చూస్తే ఎడమ దవడ పన్ను కింద చీము పట్టి ఉంది. పెద్దవాళ్ళు కూడా ఓర్చుకోలేని నొప్పి అన్నాడాయన. మూడు రాత్రులు వాడు చెబుతూనే ఉన్నాడు, సరిగ్గా ఎక్కడో చూపిస్తూనే ఉన్నాడు. మేమే దాన్ని ఆటిజం అనుకున్నాం.

మాటలు రాని పిల్లల విషయంలో డాక్టర్లు కూడా తరచుగా చేసే పొరపాటు ఇదే. కొత్తగా వచ్చిన ఏడుపుని, కొట్టుకోవడాన్ని, నిద్ర పట్టకపోవడాన్ని ఆటిజం ఖాతాలో రాసేస్తారు. చెవిపోటు, మలబద్ధకం, కడుపులో మంట, పిప్పిపన్ను. ముందు ఇవి చూడాలి. ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద మనిషి బొమ్మ ఒకటి ఉంది, ముందువైపు, వెనకవైపు. పక్కన ఎర్ర బొట్టు అయస్కాంతం. తలనొప్పొస్తే తల మీద పెడతాడు. ఒక్కోసారి ఊరికే మోకాలి మీద పెట్టి నా వైపు చూస్తాడు, నేను మోకాలు ఊదితే ‘ఈ...’ అంటాడు. అబద్ధం చెప్పడం కూడా వచ్చిందన్నమాట. థెరపిస్టు దీన్ని గొప్ప పురోగతి అంది.

ట్యాంకర్ వెంట

వాడికి నీళ్ళంటే ప్రాణం. హైదరాబాద్ ఎండాకాలంలో అపార్టుమెంటుకి నీళ్ళ ట్యాంకర్ వస్తుంది కదా, ఆ పైపు, సంపులో పడే ఆ ధార, వాడికి అదో పండగ. ఒక మధ్యాహ్నం నేను కుక్కర్ దించుతున్నాను, తలుపు గడియ పడలేదు. రెండు నిమిషాలు. చూసేసరికి ఇల్లు నిశ్శబ్దం. మాట్లాడే బిడ్డ తప్పిపోతే పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తవచ్చు, ‘ఇక్కడే ఉన్నానమ్మా’ అని జవాబు వస్తుంది. నేను ఎవరిని పిలవాలి? చెప్పుల్లేకుండా మూడంతస్తులు దిగాను. సంపు మూత తెరిచి ఉంది. దాని అంచున, పైపు పట్టుకున్న క్లీనర్ కుర్రాడి చొక్కా కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు వాడు. “పిలిస్తే పలకట్లేదక్కా, అందుకే పోనియ్యలే” అన్నాడా కుర్రాడు.

ఆటిజం పిల్లలకి ఇలా చెప్పకుండా వెళ్ళిపోవడం, నీటి వైపు వెళ్ళడం కొత్త కాదు. అమెరికాలో ఈ పిల్లల ప్రమాద మరణాల్లో నీట మునగడం ప్రధాన కారణంగా తేలింది. అప్పటి నుంచి మా తలుపుకి పైన, వాడి చెయ్యి అందనంత ఎత్తులో ఇంకో గడియ ఉంది. సంపు మూతకి తాళం వేయించడానికి అసోసియేషన్ మీటింగులో నాలుగు నెలలు పోట్లాడాను. వాడి చొక్కాలన్నిటికీ లోపలివైపు మెడ దగ్గర నా ఫోన్ నంబరు దారంతో కుట్టి ఉంటుంది. ఈత నేర్పిస్తున్నాం. కొలనులో వాడు చేపే.

స్కూటర్ సంగతి చెప్పాలి. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆయన వాణ్ని ఎక్కించుకుని నేరేడ్‌మెట్ దాకా ఒక చుట్టు తిప్పుకొస్తారు. ఆ ఇంజిన్ అదురు ఒంటికి తగిలితే గానీ నిద్ర రాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. థెరపీ బంద్, బడి బంద్, స్కూటర్ బంద్. తొమ్మిదయ్యేసరికి హెల్మెట్ తెచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. కరోనా సంగతి వాడికి ఎలా చెప్పాలి? ఆయన రెండ్రోజులు ఆలోచించి, మూడోరోజు స్కూటర్‌ని సెల్లార్‌లోనే స్తంభాల చుట్టూ తిప్పారు. ముప్పై చుట్లు, నలభై చుట్లు. పొగ వస్తోందని పైవాళ్ళు మొదట గొణిగారు. వారం తిరిగేసరికి వాళ్ళే కార్లు పక్కకి జరిపి దారి చేశారు. అలా రెండు నెలలు.

నలభై ప్రశ్నలు

మన దగ్గర ఆటిజం శాతం తేల్చడానికి వాడే కొలబద్ద పేరు ఇసా. మా ఇంటికి దగ్గరే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచీ ఉన్న జాతీయ సంస్థలో తయారైంది. ఇప్పుడు ఆ సంస్థని నీపిడ్ అంటున్నారు. 40 ప్రశ్నలు. ప్రతిదానికీ ఒకటి నుంచి ఐదు మార్కులు. కళ్ళలోకి చూస్తాడా? నవ్వితే నవ్వుతాడా? మొత్తం 70 నుంచి ఆటిజం, 107 నుంచి మధ్యస్థం, 153 దాటితే తీవ్రం. బిడ్డ చదువుకుంటే ఎక్కువ మార్కులు రావాలని కోరుకునే అమ్మలం. ఆ గదిలో మాత్రం, మార్కులు తగ్గితే సంతోషించాలో, తగ్గితే వైకల్య సర్టిఫికెట్ రాదని భయపడాలో తెలియని పరీక్ష అది.

సర్టిఫికెట్ క్యాంపు రోజు మైకు, తోపులాట, నాలుగు గంటల వరస. చప్పుడు భరించలేని పిల్లల్ని అంత చప్పుడులో నిలబెట్టి, వాళ్ళకి చప్పుడు పడదని ధ్రువీకరించే ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ. సరే, సర్టిఫికెట్ చేతికొచ్చాక తెలిసిందేమంటే దానితో పనులున్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛను వస్తుంది. తెలంగాణలో 2023లో అది 4,016 రూపాయలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చుకీ అందులో కొంత భాగం ఉంది. మాకు నాలుగేళ్ళ పాటు ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు. చివరికి చెప్పింది మెట్ల మీది ఆదిలాబాద్ అమ్మ.

బడి మాట ఎత్తితే గొంతు మారుతుంది నాకు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. ప్రభుత్వ సాయమో గుర్తింపో ఉన్న ఏ బడీ వివక్ష చూపకుండా చేర్చుకోవాలంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు అంది. మేం తిరిగిన నాలుగు బళ్ళలో ఎవరూ ‘చేర్చుకోం’ అనలేదు. “మా దగ్గర సీట్లున్నాయి మేడమ్, కానీ మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు” అన్నారు. ఒకచోట చేర్చుకున్నారు. పదిహేను రోజుల తర్వాత నేను తొందరగా వెళ్తే వాడు వరండాలో ఆయమ్మ పక్కన, గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. రోజూ అక్కడేనట. వాడు ఇంటికొచ్చి చెప్పలేడు కదా. ఇప్పుడు ఒక చిన్న బడికి సగం పూట వెళ్తున్నాడు. టీచరమ్మ ‘చాలు’ కార్డు తన బల్ల మీదే పెట్టుకుంది.

ఎవరి తప్పు

ఒకప్పుడు అమెరికాలో తల్లుల మనసు ఫ్రిజ్‌లా చల్లగా ఉండటం వల్లే పిల్లలకి ఆటిజం వస్తుందనేవారు. బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో దాని మీద పుస్తకమే రాశాడు. అంతకు మూడేళ్ళ ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త, తానూ ఒక ఆటిజం బిడ్డకి తండ్రి, అది తప్పని, మూలం మెదడు ఎదిగే తీరులో ఉందని వాదించాడు. సైన్సు ఆ తండ్రి వైపే నిలిచింది. మన దగ్గర ఫ్రిజ్ పోయి సెల్‌ఫోన్ వచ్చింది. “టీవీ ముందు పడేసి ఉంటారు”, “ఉద్యోగాలకెళ్ళే తల్లులు కదా” అని పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర కూడా అనేవాళ్ళున్నారు. చిన్నపిల్లలకి ఫోన్ ఇవ్వకపోవడం మంచిదే, కానీ ఫోన్ ఇచ్చి ఆటిజం తెప్పించడం ఏ తల్లి వల్లా కాదు.

తప్పు మనదేనని నమ్మిన తల్లికి ఏదైనా అమ్మవచ్చు. స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తే మాటలొస్తాయని మాకు లక్షల్లో లెక్క చెప్పినవాళ్ళున్నారు. పొలం అమ్మేద్దామనుకున్నాం కూడా. 2022 డిసెంబర్‌లో జాతీయ వైద్య కమిషన్, ఆటిజానికి స్టెమ్‌సెల్ చికిత్సని సిఫార్సు చేయడం లేదని, అలా ప్రచారం చేసి చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని చెప్పింది. పొలం ఇంకా ఉంది.

మా పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు. దాని డ్యాన్స్ ప్రోగ్రామ్‌కి ఎప్పుడూ మా ఇద్దరిలో ఒకరమే వెళ్తాం, రెండో వాళ్ళం వీడి దగ్గర. అదెప్పుడూ అడగలేదు. మొన్న స్కూల్ ఫారంలో ‘తెలిసిన భాషలు’ అన్నచోట తెలుగు, ఇంగ్లీష్, హిందీ రాసి, నాలుగోది ‘తమ్ముడిది’ అని రాసింది. టీచరు కొట్టేయించింది.

మా తర్వాత ఎవరన్నది మాట్లాడుకోని రాత్రి ఉండదు. పద్దెనిమిది నిండాక వాడి తరఫున సంతకం పెట్టే హక్కు తల్లిదండ్రులమని మాకు దానంతటది మిగలదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టుకుని సంరక్షకులుగా నియమింపజేసుకోవాలి. దానికింకా తొమ్మిదేళ్ళుంది. ఆలోగా వాడికి మాటలొస్తాయా? నాలుగేళ్ళప్పుడు మాట బాగా వెనకబడ్డ 535 మంది పిల్లల్ని ఎనిమిదేళ్ళు దాటాక చూసిన ఒక అమెరికా అధ్యయనంలో 70 శాతం మందికి చిన్న వాక్యాలైనా వచ్చాయి. మా వాడికి తొమ్మిది దాటుతున్నాయి, మిగతా 30 శాతంలో ఉన్నాడు. ఆయన ఇప్పుడు రాత్రిళ్ళు ‘ఏమైనా అన్నాడా’ అని అడగడం మానేసి, ‘ఏం చెప్పాడు ఇవాళ’ అంటున్నారు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఏడాదిన్నర దాటినా వేలు పెట్టి చూపించని, పేరు పిలిస్తే తిరగని, వచ్చిన మాట పోగొట్టుకున్న బిడ్డ ఉంటే మేనమామ కథ విని ఊరుకోకండి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి ‘డీఈఐసీ ఎక్కడ’ అని అడగండి, అంటే డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్, ఫీజు ఉండదు. బడి వయసు పిల్లలైతే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం మండలంలో ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో చెబుతారు. వస కొమ్ము సంగతి వచ్చాక చూసుకోవచ్చు.